అరకులోయకు మోటారు ప్రయాణము

ప్రయాణము పురుషులకు దారిలో ప్రారంభమగును. గృహిణికి వంటయింటిలోనే ప్రారంభమగును. త్రోవలో నేమి తినవలెను, పెద్దవా రెక్కడ కాళ్లు చాపుకొందురు, పిల్లలు విసిగినప్పుడు వారి నెట్లు మఱపింపవలెను అను సంగతులన్నియు ముందుగా నాలోచించునది యామెయే. పూర్వము ప్రయాణపు మూటలో గవ్వలును, పచ్చీసు గుడ్డయు నుండెడివి. నేడు వాని స్థానమున బల్లపరుపు తెర చేరినది. కుటుంబములకై కొను పెద్ద మోటారులలో వెనుక గూర్చుండువారు చూచుట కొక తెర నమర్చుకొనుట మన యూళ్లలో సామాన్య మగుచున్నది. దాని నెట్లు బిగింపవలెనను విషయమును మాత్రము చాలమంది దుకాణమువానికే విడిచిపెట్టుదురు. మా యరకు ప్రయాణమును గూర్చి వ్రాయుచు, ఆ ముచ్చటను గూడ సోదరీమణులకు విన్నవింప దలంచితిని.

మా యాడుబిడ్డ అరకులోయలో నుపాధ్యాయిని. సంవత్సరము గడిచినను ఆమెకు పుట్టింటికి వచ్చు తీరిక చిక్కలేదు. మా యత్తగారికి మోకాలి శస్త్రచికిత్స జరిగి నాలుగు మాసములే యయ్యెను. రైలు మెట్లెక్కుట యామెకు కష్టము. కాని కూతును జూడవలెనను కోరిక మోకాలి నొప్పికంటె బలమైనది. అందుచే రాజమహేంద్రవరమునుండి మోటారులోనే పోవ నిశ్చయించితిమి. అత్తగారు ముందు సీటున కాలు చాపుకొని కూర్చుండవలెను. వెనుక నేనును, తొమ్మిదేండ్ల పిల్లవాడును, ఆరేండ్ల పిల్లయు. పగలంతయు పట్టు దారిలో పిల్లలు కలహించుకొన్నచో అత్తగారికి విశ్రాంతి యుండదని మావారు పదునైదంగుళముల తెర నొకదానిని కొనితెచ్చిరి.

దానిని బిగించుటకు వచ్చిన మేస్త్రి బండి పైకప్పు మధ్య వ్రేలగట్టుదు ననెను. అత్తగారు వీధియరుగుమీద గూర్చుండి యంతయు జూచుచుండిరి.

"ఏమోయ్, బండి గబుక్కున ఆగితే అది ఎవరి నెత్తిన పడుతుంది?" అని యామె యడిగిరి.

"పడదు మామ్మగారూ, నాలుగు మరలు కొట్టేస్తాను" అని యాతడు.

"నేను పడుతుందా అని అడగలేదయ్యా. పడితే ఎవరి నెత్తిన అని అడిగాను."

మేస్త్రి యుత్తర మీయలేకపోయెను. ముందు సీటునకు వెనుకగా, పైకప్పున వ్రేలాడు వస్తువు బండి యాగినపుడు ముందునకే పోవును. ముందున్నవారు మావారును, అత్తగారును. ఆ ప్రశ్నయే మా పని నంతను మార్చినది.

లెక్క చూచినచో నా భయము వట్టిది కాదని తేలును. గంటకు 50 కిలోమీటరుల వేగమున పోవు బండి సెకనునకు సుమారు 14 మీటరులు సాగును. అది దేనినైన ఢీకొని యర మీటరు దూరములో నిలిచిపోయెనేని, లోపలి వస్తువులను బట్టి నిలుపుటకు వాని బరువునకు సుమారు 20 రెట్లు బలము కావలెను. రెండు కిలోల తెర యా క్షణమున 40 కిలోల బరువువలె తన మరలను లాగును. పైకప్పు రేకు మిక్కిలి పలుచనిది. అందులో మర రెండు మూడు చుట్లకంటె నెక్కువ పట్టదు. నిలిచియున్న బండిలో గట్టిగా దోచినది దెబ్బ తగిలినపు డూడివచ్చును. అదిగాక చాల బండ్లలో పైకప్పు అంచుల వెంబడి, ద్వారములపైని, ప్రమాదమున విచ్చుకొను గాలితిత్తులు మడచి పెట్టబడియుండును. వానినే యెయిర్‌బ్యాగులందురు. అవి విచ్చుకొను త్రోవలో బ్రాకెట్టు గాని, తీగ గాని యుండరాదు. నడుమ వ్రేలాడు తెర బండి నడపువాని యద్దములో వెనుకదారిని గూడ మఱుగుపఱచును.

తుదకు అత్తగారు కూర్చుండు సీటు వీపున దానిని నిలిపితిమి. తలానించుకొను దిండును మోయు రెండు ఉక్కుకడ్డీలు సీటు చట్రములోనికి దిగియుండును గదా! ఆ రెండు కడ్డీలను బట్టునట్లు ఉక్కుపట్టీతో బిగింపు చేయించితిమి. ఒక కడ్డీకే పట్టించిన తెర మలుపులలో తిరుగును. రెండింటికి బట్టించిన తిరుగదు. ఇట్టి తెరల వెనుక చదరముగా నాలుగు రంధ్రము లుండును. వాని నడుమ దూరము సాధారణముగా 75 గాని, 100 గాని మిల్లీమీటరులు. ఆ కొలత యంతట నొక్కటియే గావున దానికి సరిపడు పలక సులభముగా దొరకును. ఆ రంధ్రములలో పట్టు మర మందము నాలుగు మిల్లీమీటరులు. మర పొట్టిదైనచో పట్టు చాలదు. మిక్కిలి పొడుగైనచో లోపలి యద్దమును పొడుచును. కడ్డీలవద్ద మామూలు నట్టులకు బదులు లోపల నైలాను వలయముగల నట్టులు వేయించితిమి. బండి యదురునకు మామూలు నట్టు మెల్లమెల్లగా విప్పుకొనును. నైలాను దానిని గట్టిగా కరచి పట్టును.

తెర పై యంచు తలదిండుకంటె పైకి రాకుండ జూచితిమి. ఒకవేళ బిగింపు జాఱినను తెర సీటు వీపునకే తగులవలెను గాని మనుష్యుని తలకు దగులరాదు. వెనుక గూర్చుండు పిల్లల ముఖములకు దెబ్బ తగులకుండ నాలుగంచులకు మెత్తని రబ్బరు తొడిగితిమి. తెర నొకసారి చుట్టి సీటు వెనుకగా బిగించిన నేతపట్టీ రెండవ కాపు. చేతితో బట్టి యూపినపుడు గింజంత కదలినను, ఘాటులో నది గజమంత కదలునని మేస్త్రియే యొప్పుకొనెను.

ఇక విద్యుత్తు సంగతి. మోటారు బ్యాటరీ 12 వోల్టులది. మా తెర 15 వాట్లు పుచ్చుకొనును. అనగా తీగలో నొకటింబావు ఆంపియరు ప్రవహించును. అందుచే రెండు ఆంపియరుల ఫ్యూజు చాలును. ఫ్యూజు తెరను గాక తీగను గాపాడుటకై యున్నది. పెద్ద ఫ్యూజు వేసినచో తీగ కాలిన పిదప గాని యది తెగదు. తీగను కాళ్లక్రింద నడ్డముగా గాక, ద్వారపు గడపవెంట తివాసి క్రింద నడిపి, సీటు ముందుకు వెనుకకు జరుగుటకు వలయు సడలింపు విడిచితిమి.

తెల్లవాఱుజామున బయలుదేరి, జగ్గంపేట దాటి, అన్నవరము చేరునప్పటికి బాగుగ నెండ యెక్కెను. పంపానది తీరమున రత్నగిరిమీద వెలసిన సత్యనారాయణస్వామికి అత్తగారు క్రిందినుండియే నమస్కరించిరి. విస్తరాకులో గట్టి యిచ్చు గోధుమనూక ప్రసాదపు రుచి మన యిండ్లలో నెంత నేయి పోసినను రాదు. అక్కడ మావారు పానా తీసి నట్టుల నన్నిటిని పరీక్షించిరి. ఒకటి కొంచెము సడలియుండెను. క్రొత్త రబ్బరు మొదటి యదురునకు నలిగి పలుచనగును. అందుచే మొదటి నూఱు కిలోమీటరుల లోపున నొకసారి మరల బిగింపవలెను.

తుని, యలమంచిలి దాటి, బెల్లపు బజారునకు బేరుగన్న అనకాపల్లి మీదుగా సబ్బవరము, పెందుర్తి, కొత్తవలస త్రోవ పట్టితిమి. శృంగవరపుకోట చేరకమున్నే, తాటితోపుప్రక్కనుండి గేదె యొకటి రోడ్డుమీదికి వచ్చెను. మావారు బ్రేకు త్రొక్కిరి. పిల్లవాడు సీటుమీద విడిచిన నీళ్ల సీసా ముందు సీటు నడుమనుండి దూసికొనిపోయి గేరు కఱ్ఱకు ఠంగున తగిలెను. ఉప్మా గిన్నె మూత యెచ్చటికి బోయెనో సాయంకాలము వఱకు దొరకలేదు. పిల్లలను బెల్టులు పట్టి నిలిపినవి. తెర కదలలేదు. గేదె మావైపు తీరికగా జూచి, దూడకొఱకు నిలిచి, పిదప దాటిపోయెను. అత్తగారు వెనుకకు తిరిగి తెరను జేతితో తడవి, "గట్టివాడే మేస్త్రి" అనిరి. ఆ సీసా మా కందఱకును కనులయెదుట గట్టిన పాఠము. అటుపిమ్మట బండిలో నేవస్తువును విడిగా నుంచలేదు.

శృంగవరపుకోట దాటినతోడనే దారి కొండ నెక్కును. టైడా, డముకు, అనంతగిరి యను నూళ్లగుండ మలుపుమీద మలుపుగా సాగు నీ మార్గమున తెర నార్పివేసితిని. పిల్లలు గోలపెట్టిరి. కాని దీనికి కారణ మున్నది. చెవి లోపలి భాగము మన శరీరము కదలుచున్నదని మెదడునకు దెల్పును. కదలని తెరమీద నిలిచిన కన్ను కదలుట లేదని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకు పొత్తు కుదురకపోవుటచేతనే కడుపు త్రిప్పును, వాంతి యగును. దూరముననున్న కొండను జూచినచో రెండు సాక్ష్యములును కలియును. రెండేండ్లనుండి పండ్రెండేండ్ల వఱకుగల పిల్లల కీబాధ మెండు. కావున ఘాటురోడ్డున తెర నార్పి కిటికీ తెఱచుటయే మందు.

తెర యాఱిన పిదప లోయ కనబడెను. దూరమున కొండ కొంగుపై నల్లని కుట్టుపనివలె రైలుదారి. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణము రేవునకు జేర్చుటకై 1960 దశకమున కొత్తవలసనుండి కిరండూలు వఱకు వేసిన దారి యది. గుహనుండి వెలువడి, వంతెన దాటి, మరల మఱియొక గుహలో దూఱు రైలును జూచి మా పిల్ల చప్పట్లు కొట్టెను. ఆ దారిని 2017వ సంవత్సరమున అద్దపు పైకప్పును, తిరుగు నాసనములునుగల పెట్టె నొకదానిని ప్రవేశపెట్టిరి. కొండలను జూచుటకే జనులు రుసుము చెల్లించి యందు గూర్చుందురని చెప్పగా, "మనం ఊరికే చూస్తున్నాం గదా!" అని పిల్లవాడు సంతోషించెను.

అనంతగిరి పైని పొడుగైన సిల్వరు ఓకు చెట్లు, వాని మొదళ్లను బెనవేసిన మిరియపు తీగెలు, నీడలో కాఫీ మొక్కలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ తోటలలో గింజలు కోయు గిరిజన స్త్రీల చేతిపని యా పరిమళము వెనుక నున్నదని మఱువరాదు.

సంజవేళకు సుమారు 900 మీటరుల యెత్తుననున్న అరకు చేరితిమి. ఆడుబిడ్డ బడివాకిటనే నిలిచియుండెను. అత్తగారు బండి దిగుటకు నేను చేయూత నీయబోవగా, ఆమె నా చేతిని విడిచి తామే రెండడుగులు నడచిరి. తల్లికూతుండ్రు కొంతసేపు మాటలాడలేదు. మేమందఱము సామాను దింపుటలో నిమగ్నులమైనట్లు నటించితిమి.

మఱునాడు బొఱ్ఱాగుహలకు బోయితిమి. గోస్తనీనదితో సంబంధముగల సున్నపురాతి గుహ లివి. గాలిలోని వాయువును గలుపుకొన్న వాననీరు సున్నపురాతిని గరగించి, చుక్కచుక్కగా జాఱుచు, వేల యేండ్లకు పైనుండి వ్రేలాడు స్తంభములను, క్రిందినుండి లేచు స్తంభములను గట్టినది. లోనికి దిగుటకు మెట్లు చాల గలవు. అత్తగారు ద్వారముకడనే కూతుతో గూర్చుండి, "మీరు చూసి రండమ్మా, నాకేం తక్కువ?" అనిరి. కాని యామె కనులు మెట్లవైపే యుండెను.

మేము తిరిగివచ్చిన పిదప పిల్లవా డొక యుపాయము పన్నెను. నీడలో నిలిపిన బండిలో నాయనమ్మను వెనుక సీటున గూర్చుండబెట్టి, సెల్‌ఫోనులో దీసిన చిత్రములను తీగద్వారా తెరమీద జూపెను. "ఇది శివలింగంలా ఉంది చూడు నాయనమ్మా. ఇక్కడ నీళ్లు నా మెడ మీద పడ్డాయి" అని వాడు చెప్పుచుండగా, ఆమె యొక్కొక్క చిత్రమును కనులార జూచి, శివలింగము కనబడినపుడు చేతులు జోడించిరి. ఎవరి నెత్తిన బడునోయని తా మనుమానించిన తెర, తాము దిగలేని మెట్లను దించి చూపినది.

సోదరీమణులారా! ఇట్టి సాధనములను మన బండ్లలో నమర్చుకొనుట తప్పు కాదు. కాని బిగించువాని నడుగవలసిన ప్రశ్నలు మూడు: ఇది దేనికి బిగింపబడినది? ఊడినచో నెవరికి దగులును? తీగకు తగిన ఫ్యూజు గలదా? బండి నడపువానికి తెర కనబడరాదు. ఎండలో నిలిపిన బండి లోపల వేడి 50 డిగ్రీలు దాటును గనుక తెరపై గుడ్డ కప్పవలెను. చదునైన దారిలో కొంతసేపు పిల్లలకు తెర చూపుడు. కొండదారి రాగానే దాని నార్పుడు. వంటయింట పొయ్యిని, నూనెగిన్నెను, పసిబిడ్డను ఒక్కసారిగా గనిపెట్టు మన చూపే బండిలోనికి గూడ రావలెను.