మాట పోయిన మత్స్యకన్య

కిందటి వేసవి సెలవుల్లో చెల్లితో కలిసి 'లిటిల్ మెర్మెయిడ్' చూశాను. 1989లో డిస్నీ వాళ్లు తీసిన బొమ్మల సినిమా. ఏరియల్ అనే మత్స్యకన్య రాకుమారుడి కోసం తన గొంతును మంత్రగత్తెకిచ్చి కాళ్లు తెచ్చుకుంటుంది.

"మాట పోయాక ఆ పిల్లలో ఏం చూసి ఇష్టపడతాడు అన్నయ్యా?" అంది చెల్లి.

"కథేగా!" అని నవ్వేశాను.

సైన్సు విద్యార్థిని కదా, లెక్క చూపిస్తేగాని నమ్మను. 2016లో కార్మెన్ ఫాట్, కరెన్ ఐసెన్‌హవర్ అనే భాషాశాస్త్రవేత్తలు డిస్నీ రాకుమార్తెల సినిమాల్లో ఎవరెంత మాట్లాడారో లెక్కగట్టారు. ఇందులో 68 శాతం మాటలు మగ పాత్రలవే. 2013లో వచ్చిన 'ఫ్రోజెన్' ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. అందులోనూ 59 శాతం మగవాళ్లవే!

వరి కోతలయ్యాక చెల్లికి సంబంధం వచ్చింది. అరుగు మీద నాన్న, పెదనాన్న, మామయ్య మాట్లాడారు. అబ్బాయి ఉద్యోగం, ఎకరాల గురించి నేనూ మాట్లాడాను. చెల్లి తలుపు చాటున నిలబడింది. ఇంటర్ అయ్యాక నర్సింగ్ చదవాలని ఉందని నాతో ఎప్పుడో చెప్పింది. ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మిత్రులారా, మా అరుగు లెక్క నూటికి నూరు! ఆ మంత్రగత్తె పని మేమే చేశాం.

సంబంధం ఇంకా ఖాయం కాలేదు. సంక్రాంతికి ఇంటికెళుతున్నాను. ముందు చెల్లిని అడగమని నాన్నతో చెబుతాను.