మావారు మొయ్యని పెట్టె

మా పెళ్లయిన మొదటి ముప్ఫై రెండేళ్లలో నేనెప్పుడూ పెట్టె మొయ్యలేదు. గొప్పకి చెప్పడం లేదు సుమండీ, ఉన్న మాట. 1985లో పెళ్లయి నేను దిగపహండి కాపురానికొచ్చినప్పుడు మా నాన్నగారు సారెతో పాటు ఒక వీఐపీ సూట్‌కేసు ఇచ్చారు. ఆ రోజుల్లో ఆ పెట్టె ఇస్తే ఇచ్చినవాళ్లకీ మర్యాద, పుచ్చుకున్నవాళ్లకీ మర్యాద. దానికి చక్రాలు లేవు. చక్రాల పని మావారు చేసేవారు. బరంపురం స్టేషన్లో దిగగానే కుడిచేత్తో ఆ పెట్టె, ఎడమ భుజాన హోల్డాలు, చంకలో గొడుగు పెట్టుకుని మెట్లవంతెన మీద పరుగులాంటి నడకతో వెళ్లిపోయేవారు. వెనకాల నేను ఒక చేత్తో అమ్మాయినీ, ఇంకో చేత్తో మరచెంబునీ పట్టుకుని ఆయాసపడుతూ నడిచేదాన్ని. "నేనేమైనా పట్టుకోనా?" అంటే, "నువ్వు పిల్లని చూసుకో, అదే చాలు" అనేవారు. టిక్కెట్లు ఆయన జేబులోనే. ఏ బండి, ఏ ప్లాట్‌ఫారం, ఎన్నింటికి అన్నవన్నీ ఆయనకే తెలుసు. నాకు ఆయన వీపు కనిపిస్తే చాలు.

మన పత్రికలో వంటలు వస్తున్నాయి, యాత్రలు వస్తున్నాయి, పిల్లల పేజీ వస్తోంది. సామాన్ల సంగతి మాత్రం ఎవరూ రాయరేం అని నాకు ఎప్పటినుంచో అనుమానం. గంజాంలో ఉన్నా, ఇంకా దూరాల్లో ఉన్నా మనలాంటివాళ్ల బతుకులో సగం ప్రయాణాలే కదా. అందుకని ఇవాళ ఒక పెట్టె గురించి రాస్తున్నాను. కొన్న వారానికే మెచ్చుకోవడం కాదు, ఎనిమిదేళ్లు వాడి చెబుతున్న మాట.

2017 దసరాకి బెంగుళూరు నుంచి అమ్మాయీ అల్లుడూ వచ్చారు. అల్లుడుగారు నా చేతికి ఒక పెట్టె ఇచ్చారు. నెమలికంఠం రంగు. అద్దంలా మెరుపు. ఒళ్లంతా నిలువు గాడులు, కింద నాలుగు చక్రాలు, పైన నొక్కితే పొడుగయ్యే పిడి. చిటికెనవేలితో తోస్తే నట్టింట్లో గిర్రున తిరిగింది. వీధిలోవాళ్లు దసరా బొమ్మలు చూడ్డానికి వచ్చినట్టు వచ్చి చూసి వెళ్లారు. మావారు మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "పెట్టెకి కాళ్లెందుకు? మనకి చేతుల్లేవా?" అన్నారు. అన్నట్టే చేశారు కూడా. ఆ తరవాత రెండు ప్రయాణాల్లోనూ, నున్నటి ప్లాట్‌ఫారం మీద కూడా, ఆ చక్రాల పెట్టెని చేత్తో ఎత్తి పట్టుకునే నడిచారు!

నవ్వుకున్నాను గానీ, ఈ సంగతి మా ఇంటిది మాత్రమే కాదని తరవాత తెలిసింది. అమెరికాలో బెర్నార్డ్ శాడో అనే ఆయన సూట్‌కేసుల కంపెనీలో పనిచేసేవాడు. 1970లో భార్యాబిడ్డలతో విహారయాత్ర నుంచి తిరిగి వస్తూ, రెండు పెద్ద పెట్టెలు మొయ్యలేక అవస్థపడుతుంటే, ఎవరో ఒక బరువైన యంత్రాన్ని చక్రాల బల్ల మీద పెట్టి తోసుకుపోవడం కనిపించింది. ఇంటికెళ్లి పెట్టెకి చక్రాలు బిగించి, పట్టీ కట్టి లాగి చూశాడు. 1972లో పేటెంటు వచ్చింది. అప్పటికే మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టి దాదాపు మూడేళ్లయింది. అయినా దుకాణాలవాళ్లు మొదట దాన్ని కొననన్నారట. భార్య పెట్టె మొయ్యడం మగతనం అనుకునే రోజులవి అని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. పెట్టెని నిలబెట్టి రెండు చక్రాల మీద, పొడుగు పిడితో లాగే పద్ధతి 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమానం పైలట్ తెచ్చాడు. ఈ కథ మావారికి చెబితే, "అయితే ఆ దుకాణాలవాళ్లు బుద్ధిమంతులే" అన్నారు.

2018 చివర్లో మావారి నడుము పట్టేసింది. వెన్నులో డిస్కు జారిందన్నారు. బరువులెత్తకూడదు, గంటల తరబడి కూర్చోకూడదు అని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. సరిగ్గా అప్పుడే అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. వియ్యపురాలికి ఆరోగ్యం అంతంతమాత్రం. నేను వెళ్లక తప్పదు. మావారు రాలేరు. బరంపురం దాటి నేనెప్పుడూ ఒక్కదాన్నీ వెళ్లలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, బడిలో వందలమంది పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఆ రాత్రి నిద్రపట్టక గోడకేసి చూస్తూ పడుకున్నాను.

విమానంలో చేతిపెట్టెకి మన దేశంలో మామూలుగా 7 కిలోలే ఇస్తారు. కొలత 55 సెంటీమీటర్ల పొడుగు, 35 వెడల్పు, 25 మందం. ఇంట్లో తూకం వేస్తే ఖాళీ పెట్టే 2 కిలోల 700 గ్రాములుంది. అంటే నా సామానుకి మిగిలింది 4 కిలోల 300. రెండు చీరలు, పసిబిడ్డకి పరచడానికి మెత్తబడిన పాత నూలు చీరల ముక్కలు, వాము, సొంఠి, వెండి ఉగ్గుగిన్నె, బరంపురం అప్పడాలు ఒక కట్ట. ఆవకాయ సీసా పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి తీసేశాను.

బస్టాండుకి మావారు వచ్చారు. కండక్టరు పెట్టె ఎత్తబోతే మావారి చెయ్యి ముందుకి వెళ్లింది. వెళ్లి, ఆగిపోయింది. బస్సు కదిలేదాకా ఆయన ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి జేబుల్లోకి మారుస్తూ నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూసి చూడనట్టు ఊరుకున్నాను.

బరంపురం నుంచి భువనేశ్వరానికి రైలు, అక్కడినుంచి విమానం. విమానాశ్రయంలో పెట్టె కింద పెట్టి పిడి లాగాను. నా పక్కనే, నాతో సమానంగా, చప్పుడు చెయ్యకుండా నడిచింది. చూపుడు వేలు ఆనిస్తే చాలు, ఎటు తిరిగితే అటు తిరిగింది. ఎవరి వీపూ వెతుక్కోకుండా, గోడమీద రాసినవి చదువుకుంటూ, అడగాల్సినచోట అడుగుతూ నా గేటు నేనే కనుక్కున్నాను. కుర్చీలో కూర్చున్నాక కాళ్లు వణికాయి. అది భయం కాదని కాసేపటికి అర్థమైంది.

ఇక పెట్టె గుణదోషాలకి వద్దాం. కోవిడ్ రెండేళ్లు పోగా, ఇరవై పై చిలుకు ప్రయాణాలు చేసింది.

ముందు ఒళ్లు. ఇది పాలీకార్బనేట్. ఇళ్లకి తెచ్చే 20 లీటర్ల నీళ్ల డబ్బాల్లో చాలా దానితో చేసినవే. దెబ్బ తగిలితే లోపలికి నొక్కుకుని మళ్లీ పైకి వస్తుంది గానీ తొందరగా పగలదు. ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్కుతో చేసిన పెట్టెలు చవక, కానీ గట్టి దెబ్బకి చిట్లుతాయి. మన ప్లాస్టిక్ కుర్చీలు చేసే పాలీప్రొపిలీన్‌తో కూడా పెట్టెలొస్తాయి, అవి తేలిక. ఒళ్లంతా ఉన్న గాడులు అందానికే అనుకున్నాను. ఇంటిమీద సిమెంటు రేకుకి అలలు ఎందుకుంటాయో వీటికీ అందుకేనట, పల్చటి రేకుకి బిగువునివ్వడానికి. ఒకసారి బస్సు టాపు మీదనుంచి మా పెట్టె కింద పడింది. పడి, లేచి కూర్చుంది. ఒళ్లుకి నూటికి తొంభై మార్కులు. పది ఎందుకు తీసేశానంటే, ఆ మెరుపు ఏడాది తిరక్కుండానే గీతలపాలయింది. గరుకు రంగుదైతే గీతలు కనిపించేవి కావు.

తాళం. మూడంకెల తాళం, పక్కన తాళంచెవి కన్నం. చెవి మాత్రం ఇవ్వరు. ఎక్కడో పారేశానని ఇల్లంతా వెతికించాను. తీరా చూస్తే ఆ చెవి అమెరికాలో విమానాశ్రయాల తనిఖీవాళ్ల దగ్గర ఉంటుందట! అక్కడ 2003 నుంచి ఈ పద్ధతి. దిగపహండి నుంచి బెంగుళూరు వెళ్లేదానికి అమెరికావాళ్ల దగ్గర తాళంచెవి! ఒకసారి లోపలి మీట ఎలా కదిలిందో నంబరు మారిపోయింది. మావారు మంచం మీద నడుం వాల్చి, పెట్టెని పొట్టమీద పెట్టుకుని 000 నుంచి మొదలుపెట్టారు. 418 దగ్గర టక్కున తెరుచుకుంది. అది ఎవరి పుట్టినరోజూ కాదు, ఏ ఇంటి నంబరూ కాదు. ఆ సాయంత్రం ఆయన మొహంలో చాలా రోజుల తరవాత వెలుగు చూశాను.

లోపలి అమరిక. పుస్తకంలా సగానికి సగం తెరుచుకుంటుంది. ఇంట్లో మంచం మీద బాగానే ఉంటుంది. రైల్లో తెరవాలంటే బెర్తు మొత్తం కావాలి, ఎదుటివాళ్లు కాళ్లు పైకి పెట్టుకోవాలి. పైన ఒక్క జేబు లేదు. టిక్కెట్టు, మాత్రలు, కళ్లద్దాలు వేరే సంచిలోకి వెళ్లాల్సిందే. దీనికి నలభై మార్కులు.

అసలు సంగతి చక్రాలు. విమానాశ్రయం నేల మీద వాటిని మించినవి లేవు. కానీ మన ప్రయాణంలో ఆ నేల ఎంత? మా వీధిలో కంకర, బస్టాండులో బురద, స్టేషన్లో మెట్లు. చిన్న చక్రాలు ప్రతి రాయికీ తట్టుకుంటాయి. రైల్లో నిలబెడితే బండి కుదుపుకి తనంతట తనే పక్కవాళ్లింటికి పేరంటానికి బయలుదేరుతుంది. ఇరుసులకి వెంట్రుకలు, దారాలు చుట్టుకుని తిరగడం మానేస్తాయి. 2023 వానాకాలంలో నేను ఒంటరిగా తిరిగొస్తుంటే, రాత్రిపూట బరంపురం మెట్లవంతెన దగ్గర ఒక చక్రం విరిగి దొర్లిపోయింది.

నిలబడి అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. ఏం చేస్తాను? పక్క పిడి పట్టుకుని పెట్టె ఎత్తాను. లేచింది. ఏడు కిలోలే కదా! మెట్లెక్కి, వంతెన దాటి, మెట్లు దిగాను. సగం దారిలో ఆగి చెయ్యి మార్చుకుంటున్నప్పుడు ఆ పాత వీఐపీ పెట్టె గుర్తొచ్చింది. నా పట్టుచీరలు, పిల్ల బట్టలు, పుస్తకాలు, ఇత్తడి గిన్నెలు అన్నీ అందులోనే కుక్కేదాన్ని. ఏ పాతిక కిలోలో ఉండేది. ఎంత బరువుందని ఆయన ఒక్కసారీ అనలేదు, నేను ఒక్కసారీ అడగలేదు. మొయ్యడం తేలికని కాదు ఆయన మోసింది. ఆ సంగతి నా అరచెయ్యి ఎర్రబడ్డాక గానీ నాకు తెలియలేదు.

బరంపురంలో సంచులు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళితే పెట్టెని తిరగేసి చూసి, "సక్రాలింత సిన్నవేటమ్మా! మీద సోకు, కింద ఏటీ నేదు" అన్నాడు. చక్రాలు స్క్రూలతో కాకుండా రివెట్లతో బిగించారట. రివెట్టు కోసి, నట్టూ బోల్టూ వేసి వేరే చక్రం బిగించాడు. 300 రూపాయలు పుచ్చుకున్నాడు. మూడు చక్రాలు బూడిద రంగు, ఒకటి నలుపు. పెట్టె ఇప్పుడు రైల్లో ఎన్నింటి మధ్య ఉన్నా గుర్తుపట్టగలను.

"అమ్మా, అది పారెయ్యి, కొత్తది పంపిస్తాను" అంటుంది అమ్మాయి. కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రంగు చూసే ముందు పెట్టెని తిరగేసి కింద చూడండి. చక్రం పెద్దదా, స్క్రూ ఉందా, పిడి లాగితే ఊగుతోందా? మనలాంటి దారులకి నాలుగు చిన్నవాటికంటే రెండు పెద్ద చక్రాలే మేలు. ఖాళీ పెట్టె తూకం అడగండి. మా పెట్టె మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంది. ప్రతి ప్రయాణానికి ముందురోజు మావారు అరుగుమీద పాత పేపరు పరిచి, దాన్ని బోర్లా పడుకోబెట్టి, పిన్నీసుతో చక్రాల్లోంచి వెంట్రుకలన్నీ ఒక్కొక్కటే లాగుతారు. నాలుగూ తిప్పి చూసి, "నీ పెట్టె సిద్ధం, ఇక నువ్వే ఆలస్యం" అంటారు.

మొన్న సంక్రాంతికి ఆయన నడుము కాస్త నెమ్మదించింది. మనవరాలి దగ్గరికి ఇద్దరం బయలుదేరాం. బరంపురం స్టేషన్లో ఆటో దిగి నేను పెట్టె లాక్కుంటూ ముందు నడుస్తున్నాను. వెనకాల మంచినీళ్ల సీసా పట్టుకుని మావారు. కాసేపటికి దగ్గరికొచ్చి, "ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం?" అని అడిగారు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. చెప్పాను.