నీలం మాత్రలు, తునకల కూర

మా ఊరికి ఏదొచ్చినా ఊళ్లోనే ఆగుద్ది. పల్లెలోకి రాదు. మందుల క్యాంపయినా, ఓట్ల మీటింగయినా అంతే. ఊరంటే ఊరు, పల్లెంటే మాదిగపల్లె. ఆ పల్లెలో పుట్టి, మా ఇంటిపేరు మీద మొదటి డిగ్రీ చదివి, ఇప్పుడు ఊరి బడిలోనే పిల్లలకు సైన్సు చెబుతున్నాను.

వైద్యం చదివే ప్రతి విద్యార్థీ పల్లెటూళ్లలో కొన్ని కుటుంబాలను 'దత్తత' తీసుకోవాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ రూలు పెట్టింది. దత్తత! మాకు అమ్మానాయనా లేరా అని ఒళ్లు మండింది నాకు. ఆ రూలు మీదే ఒక కాలేజీ బస్సు మా ఊరొచ్చి, అలవాటు ప్రకారం రామాలయం ముందు ఆగింది. తెల్లకోట్లు అరుగు మీద కూచున్నాయి. మా ఆడోళ్లు దూరంగా యాపచెట్టు కింద నిలబడ్డారు. అరగంట గడిచింది. ఎవరూ కదల్లేదు. చివరికి ఒక పిల్ల లేచి, స్టూలు చేతబట్టుకుని పల్లె వైపు నడిచింది. "రండి, జనం అక్కడున్నారు" అంది జట్టుతో. మూడో సంవత్సరం చదువుతోందంట. జట్టుకు ఆమే లీడరంట.

వచ్చి మా యమ్మ మంచం మీద కూచుంది. "ఎవరి పిల్లవమ్మా?" అంది మా యమ్మ. ఆ ప్రశ్న దేనికో మనకు తెలుసు.

"మాదిగోళ్ల పిల్లనే, పెద్దమ్మా."

తోటి విద్యార్థుల ముందే అంది. నేను ఉద్యోగంలో చేరి పన్నెండేళ్లయింది. స్టాఫ్‌రూంలో ఒక్కసారి కూడా అంత గట్టిగా ఆ మాట అనలేదు.

వేలు గుచ్చి చుక్క రక్తం తీసి చిన్న మిషన్లో పెట్టి చూశారు. ఆ ఈడు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ పన్నెండుండాలి. ఎనిమిదికి తగ్గితే ప్రమాదం. నా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతెకు 7.2 వచ్చింది. తెల్లారుజామున మిరపకోతకు పోయొచ్చి బడికొచ్చే పిల్ల. క్లాసులో కునికిపాట్లు పడుతోందని వారం కిందటే బెంచీ ఎక్కించాను. సైన్సు చెప్పేవాణ్ణి నేను!

"సార్, బడిలో ఐరన్ మాత్రలు ఇవ్వట్లేదా?" అనడిగింది డాక్టరమ్మ.

"ఇస్తున్నాం. రిజిస్టరుంది" అన్నాను.

"గోడవతల పారేస్తన్నాం అక్కా" అంది ఆ పిల్ల.

నిజమే. బడి వెనక గడ్డిలో నీలం మాత్రలు కుప్పలుగా పడున్నాయి. వారం వారం సంతకం నాదే. పరగడుపున మింగితే కడుపులో తిప్పుద్దంట. దొడ్డికి నల్లగా పోతే పిల్లలు పుట్టరని ఎవరో అన్నారంట. ఈ సంగతులు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు పిల్లనూ వాళ్లమ్మనూ డాక్టరమ్మే పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

రూలు ప్రకారం అయితే అంతటితో సరిపోయేది. ఆమె మాత్రం ఆదివారం ఆదివారం ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చేది. చర్చి వరండాలో ముందు తల్లులతో మాటలు, ఆ తర్వాత పిల్లలకు సైన్సు పాఠం. 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టిన సావిత్రిబాయి, 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ రోగంతోనే చనిపోయిందని మా పిల్లలకు చెప్పింది ఆమే. మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలనీ, వెంటనే టీ తాగొద్దనీ, నల్లగా పోతే భయం లేదనీ తల్లులకు విడమరిచి చెప్పింది.

ఒకరోజు చార్టు విప్పింది. ఖర్జూరం, దానిమ్మ, యాపిల్ బొమ్మలు. "అయ్యి కొనే డబ్బులుంటే మాకీ రోగమెందుకే" అంది ఒక ముసలామె. డాక్టరమ్మ నవ్వి, చార్టు తిరగేసింది. "మీరేం తింటారో చెప్పండి, రాస్తాను."

ఎవరూ నోరు తెరవలేదు. చివరికి మా యమ్మ, నా వంక ఒకసారి చూసి, "తునకలు" అంది నెమ్మదిగా.

"తినండి పెద్దమ్మా. మాంసంలో ఉండే ఇనుము ఆకుకూరలో ఇనుము కంటే తేలిగ్గా ఒంటికి పడుద్ది. చార్టు గీసినోళ్లు రాయలేదు, అంతే." తునకలు, కార్జం, తోటకూర, రాగులు అని పెద్దక్షరాలతో రాసింది. నిమ్మకాయ పిండుకోమంది.

"కాలేజీ రిపోర్టులో ఇదెట్లా రాస్తావ్?" అన్నాడు జట్టులో ఒకబ్బాయి.

"తెలుగులో" అందామె.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకసారి చెప్పింది. కాలేజీలో మొదటిరోజు నుంచీ అందరూ అడిగే ప్రశ్న ర్యాంకెంత అనేనంట. 2019లో ముంబయిలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి ఆత్మహత్య చేసుకుంటే సీనియర్ల కులవేధింపుల మీద కేసు నమోదైంది. "అప్పుడు నేను ఇంకా గురుకులంలోనే ఉన్నా అన్నా. మాయమ్మ పేపర్లో ఆ ఫొటో చూసి డాక్టరు చదువొద్దంది" అంది. బస్సొచ్చింది. ఎక్కింది.

మూడు నెలలకు మా పిల్లకు 10.4 వచ్చింది. ఇప్పుడు మాత్రలు అన్నాల బెల్లు తర్వాత, నా ముందే మింగుతున్నారు. మొన్న ఆ పిల్లే మాత్రల డబ్బా కోసం స్టాఫ్‌రూం గుమ్మంలోకొచ్చింది. నేను క్యారేజీ విప్పుతున్నాను. పక్కన నలుగురు టీచర్లున్నారు.

"సార్, ఇయ్యాల ఏం కూర?"

ఇంట్లో ఆ పొద్దు దోసకాయ తునకలు వండారు. నేను మాత్రం పప్పు కట్టించుకుని పోయాను.

"పప్పు" అన్నాను.

పిల్ల నా మొహంలోకి చూసి, డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.