ఎదురొచ్చే బండినడుగు

నరసరావుపేట పల్నాడు రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు. ఏటా కార్తీకంలో శ్రీశైలానికి బండి మీద బయల్దేరేముందు రోజు సాయంత్రం వాడి షెడ్డుకెళ్లి కూర్చుంటాను. వాడు ముందు చక్రం పైకెత్తి తిప్పి చూస్తాడు. బ్రేకు ప్యాడ్లు, చైను బిగువు, టైరు గ్రిప్పు అన్నీ తడిమి చూశాక గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎప్పుడూ ఒకటే మాట అడుగుతాడు: "బండి బానే ఉంది బాబాయ్, మరి ఘాటు రోడ్డు సంగతి కనుక్కున్నావా?"

ఆ ప్రశ్నకు జవాబు నరసరావుపేటలో దొరకదు. ఫోనులో మ్యాపు తీస్తే పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల, యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం దాకా గీత తెగకుండా కనిపిస్తుంది. తెల్లవారుజామున ఏ చప్టా మీద నీళ్లు పారాయో, ఏ మలుపులో కొండ మట్టి జారిందో ఆ గీతకు వెంటనే తెలియదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు డిండి దగ్గర హైదరాబాద్–శ్రీశైలం రోడ్డే కోసుకుపోయింది. అది జాతీయ రహదారి. ముందు రోజు దాకా లారీలు తిరిగిన రోడ్డు.

అందుకని నేను ముందు వానను చూస్తాను. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. పల్నాడుకి, మార్కాపురం వైపుకి ఆరెంజ్ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానేస్తాను. అది పోయిన మర్నాడు కూడా కదలను. వాన ఆగిన తర్వాత కూడా కొండ లోపల నీరు దిగుతూనే ఉంటుంది. రాళ్లు ఎండ కాసిన రోజున కూడా పడతాయి. విపత్తుల నిర్వహణ సంస్థ 1070 నంబరుకి ఫోను చేస్తే రోడ్లు మూసేసిన కబురు తెలుస్తుంది. రోడ్డు తెరిచే ఉండి పాడైతే మాత్రం ఆ కబురు మనమే సంపాదించుకోవాలి.

తెల్లవారుజామున బయల్దేరితే పిడుగురాళ్ల దాకా చల్లగా సాగుతుంది. ఈ దారికి వాగుల భయముంది. 2016 సెప్టెంబరులో ఒక్క రాత్రి కుండపోతకు సత్తెనపల్లి–పిడుగురాళ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వేసవిలో ఎముకల్లా తేలి కనిపించే వాగులే అవి. చప్టా మీద నీళ్లు మోకాటి లోతే అనిపించినా బండి దించొద్దని మా నాయన చెప్పేవాడు. నీటి కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి కనపడదు గదా.

పిడుగురాళ్ల అంటే సున్నం. బట్టీల నుంచి, మిల్లుల నుంచి లేచిన తెల్లటి దుమ్ము రోడ్డు మీద పలచగా పరుచుకుని ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. సన్న తుంపర పడితే మాత్రం ఆ దుమ్ము వెన్నలాగా అవుతుంది. పెద్దవాన కంటే తుంపరే ప్రమాదం, ఎందుకంటే పెద్దవాన దుమ్మును కడిగేస్తుంది. ఇక్కడ ఆగి టీ తాగుతూ నాపరాళ్ల లారీవాళ్లతో మాట కలుపుతాను. గురజాల వైపు రోడ్డు పని ఎక్కడ జరుగుతోందో, ఎక్కడ ఒకే వరసలో వదులుతున్నారో వాళ్లకు నోటికి తెలుసు.

గురజాల, రెంటచింతల తొందరగా దాటేస్తాను. ఒకప్పుడు నలగామరాజు ఏలిన గురజాల ఇది. రెంటచింతల ఎండలకు పేరుమోసింది. మే నెలలో ఈ దారిన వస్తే తారు మెత్తబడి టైరుకు అంటుకుంటుంది. కార్తీకంలో ఆ బాధ లేదు గానీ నల్లరేగడి బాధ ఉంది. పత్తి చేలల్లోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు తన చక్రాలకంటిన బురదను వందగజాల దాకా పెళ్లలు పెళ్లలుగా రాల్చుకుంటూ పోతుంది. అవి మంచుకు తడిస్తే, పొద్దున్నే వచ్చిన బండివాడి కాలు నేలకు ఆనాల్సిందే. పల్నాటి రాళ్లను, నీటి కరువును శ్రీనాథుడు చాటువుల్లో ఈసడించాడని చెబుతారు. సాగర్ కాలవ నీళ్లొచ్చాక ఈ నేల మాగాణి కూడా అయింది. ఆయన చూసిన రాళ్లు మటుకు ఇంకా ఉన్నాయి.

మాచర్లలో ఆగితే గంట పడుతుంది. కొండ దారి నిర్ణయమయ్యేది ఇక్కడే. చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి ఉన్న ఊరు. ఇక్కణ్ణుంచి 565 జాతీయ రహదారి ఒక పక్క సాగర్‌కు, ఇంకో పక్క యర్రగొండపాలేనికి పోతుంది. ఘాటు మూసేశారని తెలిస్తే ఇక్కణ్ణించే ఎత్తిపోతల చూసుకుని వెనక్కి తిరగొచ్చు. దోర్నాల దాకా వెళ్లాక తెలిస్తే రోజంతా వృథా.

బస్టాండు బయట టీ కొట్టు దగ్గర నిలబడి, శ్రీశైలం నుంచి వచ్చిన బస్సు డ్రైవర్ల కోసం చూస్తాను. దారి బాగుందా అని అడగను. అలా అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. ఆ మాటకు ఒకసారి చాలా మూల్యం చెల్లించాను. కొన్నేళ్ల కిందట మా బావమరిది, నేను రెండు బండ్ల మీద బయల్దేరాం. ఒకాయన్ని అడిగితే "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. ఆయన వెళ్లొచ్చి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల్లోనే దోర్నాల దాటాక ఒక మలుపులో గుంతలు పూడ్చడానికి కంకర పోశారు. నేను ఎలాగో దాటాను. వెనకాల బండి జారిన చప్పుడు విన్నాను. వాణ్ణి మార్కాపురం తీసుకెళ్లేసరికి మధ్యాహ్నమైంది. భుజం దగ్గర ఎముక విరిగింది. చలికాలం వస్తే ఇప్పటికీ ఆ చెయ్యి పైకెత్తలేడు. దారి బాగుందన్నాయన అబద్ధం చెప్పలేదు. నేను అడగాల్సింది అడగలేదు, అంతే.

ఇప్పుడు ఇలా అడుగుతాను: "అన్నా, కొండ ఎన్నింటికి దిగావు? చిన్నారుట్ల మలుపుల్లో రోడ్డు మీద మట్టేమైనా ఉందా? కంకర ఎక్కడన్నా పోశారా? పొగమంచు ఎన్ని గంటలకు విడిచింది?" ఈ ప్రశ్నలు విన్న డ్రైవరు టీ గ్లాసు పక్కన పెట్టి ఆలోచిస్తాడు. ఒకాయన అరచెయ్యి చాపి, దాని మీద వేలితో మలుపులు గీసి చూపించాడు. "శిఖరం దిగినాక మూడో మలుపు, ఎడంపక్క, చెట్టు వేరు బయటపడింది చూడు, దానికింద నీళ్లు కారతన్నయ్. కుడికి పట్టుకుని పో." ఇంతకంటే మంచి మ్యాపు నాకు ఏ ఫోనులోనూ కనపడలేదు. రోడ్డు కబురు పాల లాంటిది. పొద్దుటిది పొద్దున్నే పనికొస్తుంది.

మాచర్ల దాటి వెల్దుర్తి వైపు పోయేకొద్దీ సున్నపురాయి నేల తగ్గిపోయి, అడవి దగ్గరవుతుంది. యర్రగొండపాలెం దాటేసరికి ఎదురుగా నల్లమల గోడలా లేస్తుంది. పల్నాటి రాయిలా పలకలు పలకలుగా నేల మీద పరుచుకున్న రాయి కాదది. గట్టి క్వార్జైట్ రాళ్ల మధ్య మెత్తటి షేల్ పొరలుంటాయి. నీరు ఆ మెత్తటి పొరలోకి దిగి నానబెడితే, పైనున్న గట్టి రాయికి ఆధారం తప్పి జారుతుంది. రోడ్డు కోసం కొండను నిలువునా కోసినచోట ఇది ఎక్కువ.

దోర్నాలలో రాత్రి పడుకుంటాను. ట్యాంకు నిండా పెట్రోలు పోయించేది ఇక్కడే, అడవి మధ్యలో బంకులుండవు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోయే దారి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. ఈ నియమం వన్యప్రాణుల కోసం పెట్టిందే అయినా బండివాళ్లకూ మేలు చేసింది. చీకట్లో ఆ మలుపులు ఎవరూ చూడకూడదు.

ఆరింటికి గేటు లేచేసరికి నాలుగు కార్లు, రెండు లారీలు, నా బండి. కొండ ఎక్కేటప్పుడు నా కళ్లు రోడ్డు కంటే కొండ పక్కనే ఎక్కువ ఉంటాయి. కోసిన రాతి మీద నుంచి తేటనీరు కారుతుంటే అది పాత ఊట, పర్వాలేదు. అదే నీరు ఎర్రగా, బురదగా కారుతుంటే లోపల మట్టి కదులుతోందన్నమాట, అక్కడ ఆగకూడదు. రోడ్డు మీద పిడికెడు రాళ్లు పడి ఉంటే తల పైకెత్తి, అవి రాలిన చోటు చూసుకోవాలి. మలుపు ముందు పచ్చి కొమ్మ విరిచి పడేసి ఉంటే, ముందు చెడిపోయిన బండి ఆగి ఉందని లెక్క. లారీవాళ్లు పెట్టే గుర్తు అది. ఆకులు వాడిపోకుండా ఉన్నాయంటే బండి ఇంకా అక్కడే ఉంది.

ఒకసారి తుమ్మలబయలు దాటాక ఒక చెంచు పెద్దాయన రోడ్డు పక్కన నడుస్తూ కనిపించాడు. బండి ఆపి, "తాతా, రాత్రి కొండ మీద ఏమన్నా చప్పుడైందా?" అనడిగాను. ఆయన చేతికర్ర ఎత్తి పైకి చూపించాడు. కోడికూతప్పుడు ఒక రాయి దొర్లిందట, లోయలోకి పోయిందట, రోడ్డు మీద నిలవలేదట. ముందుకు పోతే తారు మీద తెల్లటి దెబ్బ ఒకటి కనిపించింది, బిందె అంత వెడల్పు. లోయ అంచున ఉన్న గార్డు రాయి ఒకటి లేదు.

ఈ కొండకు దారి వెయ్యడమనే పని చాలా పాతది. మా కొండవీటి రెడ్డిరాజుల్లో మొదటివాడు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. శిఖరం దగ్గర, 2,830 అడుగుల ఎత్తున బండి ఆపి కిందికి చూస్తే ఆ పని విలువ నాకు తెలుస్తుంది. యంత్రాలు లేని రోజుల్లో ఈ రాతిని కొట్టి, మెట్టు మీద మెట్టు పేర్చారు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో దోర్నాల గేటు దాటి టీకి ఆగాను. కొత్త బండికి గొడుగు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆగారు. పిడుగురాళ్ల వాళ్లట. "బాబాయ్, పైన దారి బాగుందా?" అన్నాడు ముందున్నవాడు.

కూర్చోమని టీ చెప్పాను. ఏడున్నరకు దిగానని, శిఖరం దగ్గర ఏడింటి దాకా మంచు ఉందని, చిన్నారుట్ల దగ్గర రెండో గేరులోనే వెళ్లమని, తుమ్మలబయలు అవతల గార్డు రాయి లేని మలుపు ఒకటుందని, అక్కడ తారు మీద తెల్లటి దెబ్బ కనపడుతుందని, కొండ పక్కకు పట్టుకుని పొమ్మని చెప్పాను. వెనక కూర్చున్న కుర్రాడు ఫోను తీసి, మలుపుల లెక్క రాసుకున్నాడు.