గరిక – తుంగ – నేను

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే "నాకు కవిత్వం రాదు, రాజకీయం అంతకన్నా రాదు" అన్నాను. "నీకేం వచ్చో అదే రాయవోయ్" అన్నారు. నాకు కలుపు తీయడం వచ్చు. అదీ పోయిన వేసవిలోనే వచ్చింది. కనుక దాన్ని గురించే రాస్తున్నాను. పాఠక మహాశయులు మన్నించాలి.

మాది గుంటూరు జిల్లాలో ఒక నల్లరేగడి పల్లె. మా ఇంటి వెనక గొడ్లచావిడి ఉండేది. నేను ఈ కాలేజీలో చేరిన ఏడాది నాన్న ఎడ్ల జతను అమ్మేశాడు. నా ఫీజు కోసం, హాస్టలు డిపాజిట్టు కోసం అని ఎవరూ నాతో అనలేదు. అనక్కర్లేదు గదా! ఎడ్లు వెళ్లిన రోజుకీ, నేను డబ్బు కట్టిన రోజుకీ మధ్య మూడు రోజులే తేడా. పొలం కౌలుకిచ్చారు. ఆ తర్వాతి గాలివానకు చావిడి కూలిపోయింది. ఆ జాగా మహా ఉంటే రెండు సెంట్లు ఉంటుంది. దాన్నిండా గరిక, తుంగ మోకాలెత్తున లేచాయి. ఏళ్ల తరబడి పేడా, పంచితమూ తాగిన నేల మరి, ఊరుకుంటుందా! నాన్న మాత్రం ఆ వైపు వెళ్లడమే మానేశాడు.

కిందటి సంక్రాంతి సెలవుల్లో అమ్మ అన్నది: "రైతు ఇంట పుట్టి, రైతు ఇంట మెట్టి, వంకాయలు కొనుక్కు తింటున్నాంరా. ఆ జాగా కాస్త బాగు చేస్తే నాలుగు పాదులు పెట్టుకుంటాను."

అదెంత పని అనుకున్నాను. ఊళ్లో ట్రాక్టరు ఉంది, దానికి రోటవేటరు ఉంది. మాట్లాడుకుని వచ్చాను. అరుగు మీద కూర్చున్న నాన్న తలెత్తి "గరికలో అది పెట్టకురా. తవ్వి ఏరాలి" అన్నాడు. నేను వెంటనే "నీకు తెలీదులే నాన్నా" అన్నాను. నాన్న మళ్లీ మాట్లాడలేదు.

అరగంటలో పనైపోయింది. నేల పిండిలా తయారైంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! ఫోనుతో ఫోటో కూడా తీసుకున్నాను. అమ్మ గోంగూర, బెండ, తోటకూర చల్లింది. నేను విజయగర్వంతో హాస్టలుకి వచ్చేశాను.

ఇరవై రోజులకి అమ్మ ఫోను చేసింది. "గోంగూర ఏదో తుంగ ఏదో తెలీడం లేదురా అబ్బాయ్. నాలుగు దుబ్బులున్న చోట నలభై లేచాయి."

ఆ రాత్రి నా ప్రాక్టికల్ రికార్డు తీసి చూశాను. గరిక కొమ్ము బొమ్మ శుభ్రంగా వేసి ఉంది. కణుపులకు బాణం గుర్తులు పెట్టాను. కింద నా చేత్తోనే రాశాను: "ప్రతి కణుపు నుంచీ కొత్త మొక్క రాగలదు." పక్కనే మాస్టారు ఎర్ర ఇంకుతో 'గుడ్' అని పెట్టారు. మరి రోటవేటరు చేసిందేమిటి? ఒక్కో కొమ్మును పది ముక్కలు చేసి, నేలంతా సమంగా పరిచింది. అంటే నేను గరికను తీయలేదు, డబ్బిచ్చి మరీ నాటు వేయించాను! తుంగ సంగతి ఇంకా ఘోరం. దాని దుంపలు నేలలో గొలుసులా ఉంటాయి. గొలుసు తెగనంత కాలం చాలా దుంపలు నిద్రపోతుంటాయి. తెగిందంటే ఒక్కొక్కటీ మేలుకుంటుంది. లెరాయ్ హోల్మ్, ఆయన సహచరులు 1977లో ప్రపంచంలోని మహా కలుపు మొక్కల మీద ఒక గ్రంథం వెలువరించారు. అందులో మొదటి స్థానం తుంగది, రెండోది గరికది. ఆ ఇద్దరు ఛాంపియన్లనూ నేను మా పెరట్లో పోషించాను.

కాని నన్ను నిద్ర పోనివ్వనిది గరిక కాదు. "నీకు తెలీదులే" అన్న మాట. నాకు తెలియాలని ఎడ్లనమ్మిన మనిషితో ఆ మాట అన్నాను.

మే నెలలో ఇంటికి వెళ్లాను. మా ఇళ్లలో 'క్షమించు' అనే మాట ఎవరూ వాడరు. మర్నాడు తెల్లవారుజామున గడ్డపలుగు తీసుకుని "నాన్నా, ఎక్కణ్ణించి మొదలెట్టమంటావ్?" అని అడిగాను. నాన్న కాసేపు నా వైపు చూశాడు. తర్వాత కండువా దులుపుకుని లేచాడు.

"ముందు కొడవలితో పైగడ్డి కోసెయ్. నీళ్లు పెట్టమాక. ఎండిన నేల్లోనే తవ్వాలి."

జానెడున్నర లోతున పలుగు దించి పెళ్లను లేపాలి. దాన్ని పగలగొట్టి పొడి చేయకూడదు, తిరగేసి వదలాలి. "వేరు ఆకాశాన్ని చూడాలిరా" అన్నాడు నాన్న. రెండు రోజులు ఎండాక పెళ్లను చేత్తో విదిలిస్తే కొమ్ములు తెగకుండా తాళ్లలా వస్తాయి. వాటిని తట్టకెత్తాలి. మొదటి తట్ట పెంటదిబ్బ మీద పోయబోతే నాన్న కేకేశాడు. అక్కడ వేస్తే బతికి, ఎరువుతో పాటు తిరిగి చేలోకే వస్తాయట. బండ మీద ఎండబెట్టి తగలబెట్టాం. పొద్దున తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం చీకటి పడే దాకా, తొమ్మిది రోజుల పని. పదకొండు తట్టలు. నా అరచేతుల్లో బొబ్బలు లెక్కపెట్టలేదు.

ఆరో రోజున పలుగు ఠంగుమన్నది. చూస్తే ఎడ్లను కట్టేసిన రాట. చావిడి కూలినప్పుడు ఒరిగి, గడ్డిలో కప్పడిపోయింది. మొదట్లో పలుపు ముక్క ఇంకా ఉంది. పీకేద్దామని చెయ్యేశాను.

"ఉంచరా" అన్నాడు నాన్న. చాలాసేపు దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "నిలబెడదాం. బీరపాదు పాకిద్దాం."

తవ్విన నేలను ఇరవై రోజులు ఎండకు వదిలేశాం. తర్వాత ఒక తడి ఇచ్చాం. బతికున్న తుంగ దుంపలు మొలిచాయి. ఒక్కొక్కదాన్నీ దుంపతో సహా తవ్వి తీశాం. "మూడో వారం దాటనివ్వమాక, పిల్లదుంప పెట్టుద్ది" అన్నాడు నాన్న. వానలు పడగానే రాట మొదట్లో బీర గింజలు పెట్టి, మిగతా జాగా అంతా జనుము ఒత్తుగా చల్లాం. ఎందుకని అడిగాను. "దాని మొహాన ఎండ పడకూడదు. నీడలో చచ్చిద్ది" అన్నాడు. గరిక, తుంగ రెండూ సి4 మొక్కలు, వాటికి ఎండ దండిగా కావాలి. 1966లో హాచ్, స్లాక్ వివరించిన ఆ పథం నేను మూడుసార్లు వల్లె వేసి పరీక్ష రాశాను. దాన్ని మా పెరట్లో ఎలా వాడాలో నాన్న ఒక్క ముక్కలో చెప్పాడు. జనుము పూతకు వచ్చాక అమ్మా నాన్నా దాన్ని కోసి నేలలోనే కలిపారు. ఆ తర్వాత వంగనారు పెట్టారు.

దసరాకి వెళ్లేసరికి రాట కనపడకుండా బీరపాదు అల్లుకుని ఉంది. వంగ పూత మీద ఉంది. అమ్మ పక్కింటికి కూడా బీరకాయలు పంచుతోంది. నాన్న పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఆ మడి గట్టు మీదే కూర్చుంటున్నాడు.

తుంగ పోయిందా అంటారేమో. పోలేదండీ. వారం వారం అమ్మ దోసెడు ఏరుతూనే ఉంది. పూర్తిగా పోవడం దాని జాతకంలో లేదు. కానీ ఇప్పుడది మొలిస్తే ఏం చేయాలో మాకు తెలుసు.

మిత్రులారా! మనలో చాలామందికి ఇంటి దగ్గర ఒక చావిడి ఖాళీ అయ్యే ఉంటుంది. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు, మీకు తెలిసింది చెప్పేముందు, "ఎక్కణ్ణించి మొదలెట్టమంటావ్?" అని ఒక్కసారి అడిగి చూడండి. రికార్డులో నాకు మాస్టారు 'గుడ్' పెట్టారు. నాన్న ఇంకా ఏమీ పెట్టలేదు. నిన్న మాత్రం ఫోనులో అడిగాడు: "చిక్కుడు ఎప్పుడు పెడదాంరా, నువ్వేమంటావ్?"

– తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి