'ఏమీ జరగదు' కూడా జవాబే



గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి తన కూతురి కెమిస్ట్రీ స్లిప్ టెస్ట్ పేపరు నా ముందు పెట్టారు. "ఈక్వేషన్ బ్యాలెన్స్ అయింది కదా మేడమ్, మార్కులు ఎందుకు తీసేశారు?" అని అడిగారు.

ప్రశ్న ఇది: సోడియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్ ద్రావణాలను కలిపితే ఏమవుతుంది? పాప సోడియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ ఏర్పడతాయని రాసి, ఒకదాని పక్కన అవక్షేపం గుర్తుగా కింది బాణం వేసింది. నిజానికి అక్కడ ఏమీ జరగదు. ఆ లవణాలన్నీ నీటిలో కరిగేవే. ముందున్న నాలుగు రకాల అయాన్లే తర్వాత కూడా విడివిడిగా తిరుగుతుంటాయి.

మర్నాడు పాపను అడిగాను. "ఏమీ జరగదనే అనిపించింది మేడమ్. అలా రాస్తే సున్నా వేస్తారేమోనని భయమేసింది" అంది.

లోటు నాదేనని అర్థమైంది. అవక్షేపం ఏర్పడే జంటలనే బోర్డు మీద రాయించాను. ఏర్పడనిది ఒక్కటీ చూపలేదు. టెన్త్‌లో నేనూ అలాగే బట్టీ పట్టాను.

ఆ వారం ల్యాబ్‌లో రెండు టెస్ట్ ట్యూబులు పెట్టాను. మొదటిదాంట్లో ఉప్పునీళ్లకు పొటాషియం నైట్రేట్ ద్రావణం కలిపితే తేటగానే ఉంది. రెండోదాంట్లో సోడియం సల్ఫేట్‌కు బేరియం క్లోరైడ్ కలపగానే పాలలా తెల్లబడింది. "ఎవరు ఎవరితో కలిశారు?" అని అడిగాను. ఆ పాపే లేచి, "బేరియం, సల్ఫేట్ కలిశాయి. సోడియం, క్లోరైడ్ ఊరికే చూస్తున్నాయి" అంది. అయానిక సమీకరణం అంటే అంతే! కలిసినవాటిని రాసి, చూస్తూ ఉన్నవాటిని వదిలేయడం.

ఆ తల్లికి ఫోన్ చేసి చెప్పాను: మార్కులు తీయడం సరైనదే, నేర్పడంలో తక్కువ చేసింది నేను.

మీ ఇంట్లో బోరు నీళ్లు వాడుతుంటే, సబ్బు నురగ రాక బకెట్‌లో తెల్లని తెట్టు కట్టడం చూసే ఉంటారు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఏర్పడిన అవక్షేపమే అది. సబ్బులోని సోడియం మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఈ ఆదివారం పిల్లలకు ఆ బకెట్ చూపించి, ఎవరు కలిశారో, ఎవరు ఊరికే చూశారో అడగండి. తప్పు చెప్పినా కోప్పడకండి. "ఎందుకలా అనుకున్నావు?" అని మాత్రం తప్పక అడగండి.

మా క్లాసు బోర్డు మూలన ఇప్పుడు ఒక వాక్యం ఉంది: కారణం రాస్తే 'ఏమీ జరగదు'కూ పూర్తి మార్కులు.