నగదు ఫోనుకు, ఉద్దర దుకాణానికా?

మా కిరాణా దుకాణం సోలాపూర్ తూర్పు భాగంలో ఉంది. చుట్టూ మగ్గాల కార్ఖానాలు, బీడీలు చుట్టే ఇండ్లు. "ఆన్‌లైన్ వచ్చినంక నీ దుకాణం ఎట్ల నడుస్తదన్నా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నరు. నాకు తెలిసిన జవాబు రాస్తున్నాను.

ధరలో నేను గెలవలేను. పెద్ద కంపెనీలు లారీలకొద్దీ సరుకు కొంటాయి, నేను డబ్బాల లెక్కన కొంటాను. పెట్టుబడిదార్ల అండతో ఏండ్ల తరబడి నష్టానికి అమ్మినా వాళ్లకు చెల్లుతుంది. నాకు రెండు నెలలు నష్టమొస్తే షట్టర్ దించుడే. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ కంపెనీలు అమ్మకం ధరల్లో వేలు పెట్టొద్దని ప్రభుత్వ నియమం ఉంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని ఇంకా గట్టి చేసిండ్రు. అయినా డిస్కౌంట్లు ఆగలేదు.

మరి నా దగ్గర ఏముంది? పది రూపాయల చాయపత్తి ఇస్తాను, పావుకిలో నూనె ఇస్తాను. వారం జీతం వచ్చేదాకా ఉద్దర రాసుకుంటాను, వడ్డీ లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు బందైనప్పుడు మా గల్లీలో పొయ్యి వెలిగింది ఉద్దర మీదనే. ఫోను కూడా ఇప్పుడు "తర్వాత కట్టండి" అంటుంది. కానీ గడువు దాటితే జుర్మానా పడుతుంది. పని దొరకలేదని చెప్పుకుందామంటే వినేటోడు ఉండడు.

అసలు చిక్కు ఎక్కడంటే, జీతం రోజు నూనె డబ్బా, సబ్బులు, బియ్యం నగదుకు ఫోన్లో కొంటున్నరు. పైసలు అయిపోయినంక ఉద్దరకు నా దగ్గరికి వస్తున్నరు. నగదు అమ్మకం ఉంటేనే కదా నేను ఉద్దర మోయగలిగేది! హోల్‌సేల్ వ్యాపారి నాకోసం నెలలు ఆగడు. గల్లీలో దుకాణం మూతపడితే, పని లేని వారం ఎవరి దగ్గర అడుగుతం?

సోలాపూర్ చద్దరుకు జీఐ గుర్తింపు ఉంది. వేరే ఊర్లో నేసినదాన్ని అదే పేరుతో అగ్గువకు అమ్మితే మనకు కోపం వస్తది. "నాలుగు రూపాయలు ఎక్కువైనా అసలుది కొనుండ్రి" అంటం. ఆ నాలుగు రూపాయల్లో మన కూలి ఉన్నది కాబట్టి. మనం తెచ్చుకునే సామానుకు కూడా అదే లెక్క వర్తించాలె కదా.

ఫోన్లో కొనొద్దని నేను అనను. మా పిల్లల పుస్తకాలు మేమూ అందులోనే తెప్పిస్తం. నెల సామానులో సగమైనా మీ గల్లీ దుకాణంలో నగదుకు కొనుండ్రి. ధర ఎక్కువనిపిస్తే ఫోన్ చూపించి అడుగుండ్రి. తగ్గించగలిగినకాడికి తగ్గిస్తాను. కుదరకపోతే, నాకు ఎంతకు పడిందో బిల్లు తీసి చూపిస్తాను.